కడగకముందే చూడాలి: పురాతన సమాధుల్లోని వస్త్రాలను అధ్యయనం చేసే పద్ధతి

ఈజిప్టులోని తర్ఖాన్ శ్మశానవాటికలో బ్రిటిష్ పురావస్తు శాస్త్రజ్ఞుడు ఫ్లిండర్స్ పెట్రీ 1912-13లో తవ్వకాలు జరిపినప్పుడు, దొంగలు ఏనాడో కొల్లగొట్టిన ఒక పెద్ద సమాధిలో మట్టితో అట్టకట్టిన నారబట్టల కుప్ప ఒకటి దొరికింది. చూడటానికి అది మాసిన గుడ్డల మూట. దాన్ని లండన్‌కు తెచ్చారు గానీ విప్పలేదు, ఉతకలేదు. అరవై ఏళ్ళకు పైగా అది అలాగే ఉండిపోయింది. 1977లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలోని వస్త్ర సంరక్షకులు ఆ కుప్పను ఒక్కొక్క పొరగా విడదీస్తుంటే, చేతులకూ భుజాలకూ సన్నని కుచ్చిళ్ళు పెట్టిన ఒక చొక్కా బయటపడింది. అది లోపలి వైపు బయటికి తిరగబడి ఉంది. మోచేతుల దగ్గరా చంకల దగ్గరా ముడతలు పడి ఉన్నాయి. అంటే అది శవం కోసం ప్రత్యేకంగా కుట్టినది కాదు. బతికుండగా ఎవరో తొడుక్కుని, ఆఖరిసారి తల మీదుగా లాగి విప్పిన బట్ట. 2015లో చేసిన రేడియోకార్బన్ పరీక్షలో దాని కాలం క్రీ.పూ. 3482, 3102 సంవత్సరాల మధ్య అని తేలింది. నేసి కుట్టిన దుస్తుల్లో మనకు తెలిసినంతలో ఇదే అతి పాతది.

1913లో ఎవరైనా మంచి ఉద్దేశంతోనే ఆ కుప్పను నానబెట్టి ఉతికి, చదును చేసి ఉంటే చొక్కా మిగిలేదేమో గాని, ఆ ముడతలు మిగిలేవి కావు. సమాధి వస్త్రాలను అధ్యయనం చేయదలచినవారు మొట్టమొదట నేర్చుకోవలసింది ఇదే: బట్ట మీది మట్టి, మడత, మరక, చిలుము అన్నీ ఆ బట్టలో భాగాలే. శుభ్రం చేయడం అనేది వెనక్కి తీసుకోలేని పని. చూడవలసినదంతా చూసి, రాసి, ఫొటోలు తీసిన తరువాతనే ఆ పనికి చెయ్యి పెట్టాలి. పురావస్తు శాస్త్ర విద్యార్థులనూ, మ్యూజియాల్లో పనిచేసేవారినీ, నేత కుటుంబాల నుంచి ఈ రంగంలోకి రావాలనుకునేవారినీ దృష్టిలో పెట్టుకుని ఆ క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా సమాధి మట్టిని చదవాలి

మామూలు పరిస్థితుల్లో పాతిపెట్టిన బట్టను మట్టిలోని బూజూ సూక్ష్మజీవులూ కొద్ది సంవత్సరాల్లోనే తినేస్తాయి. వేల ఏళ్ళు నిలిచిందంటే, ఆ సమాధిలో ఏదో ఒక కారణం ఆ జీవుల పనిని ఆపిందన్నమాట. ఆ కారణం ఏమిటో ముందే తెలుసుకుంటే, ఏ రకం పోగులు మిగిలి ఉండవచ్చో, ఏవి ఉండి కూడా మాయమై ఉండవచ్చో అంచనా వేయగలుగుతాము. ఈజిప్టులోనూ, పెరూ తీరంలోనూ, చైనాలోని తారిమ్ ఎడారిలోనూ ఆ పని చేసింది పొడి గాలి. పురావస్తు శాస్త్రజ్ఞుడు హులియో తెయో 1920ల చివర్లో పెరూలోని పరాకస్ ద్వీపకల్పంలో వెలికితీసిన 429 శవాల మూటల్లో పత్తి బట్టలూ, ఒంటె జాతి జంతువుల ఉన్నితో చేసిన అల్లికలూ రంగులతో సహా నిలిచింది అందువల్లనే. సైబీరియాకు దక్షిణాన అల్తాయ్ పర్వతాల్లోని పజిరిక్ సమాధుల్లో ఆ పని చేసింది మంచు. దొంగలు తవ్విన కన్నంలోంచి నీళ్ళు లోపలికి దిగి గడ్డకట్టడం వల్లనే 1949లో అక్కడ దొరికిన ముడుల తివాచీ మనదాకా వచ్చింది. చైనాలోని మావాంగ్‌దుయి సమాధిని బొగ్గుతోనూ తెల్లని బంకమట్టితోనూ గాలి చొరకుండా మూసివేశారు. 1972లో తెరిచినప్పుడు అందులో దొరికిన పలుచని పట్టు అంగీ పొడవు 128 సెంటీమీటర్లు, బరువు కేవలం 49 గ్రాములు.

ఆమ్లం ఎక్కువగా ఉన్న తడినేలలో కథ వేరు. అక్కడ ఉన్ని, తోలు, పట్టు వంటి జంతు సంబంధమైనవి నిలుస్తాయి. పత్తి, అవిసె నార వంటి మొక్కల పోగులు కరిగిపోతాయి. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నేలలో దీనికి తలకిందులు. డెన్మార్క్‌లోని హుల్డ్రెమోసె బురదనేలలో 1879లో దొరికిన స్త్రీ శరీరం మీద తోలు పైవస్త్రాలూ, గళ్ళ ఉన్ని లంగా, ఉన్ని శాలువా ఉన్నాయి. ఆమె లోపల ఇంకేమీ తొడుక్కోలేదని చాలాకాలం అనుకున్నారు. తరువాతి కాలపు పరిశీలనలో మొక్కనారతో నేసిన లోపలి బట్ట ఆనవాళ్ళు తేలాయి. కాబట్టి "బట్ట లేదు" అని రాసే ముందు "ఈ మట్టిలో బట్ట నిలిచే అవకాశం ఉందా?" అని అడగాలి. దొరికిన కొత్తలో హుల్డ్రెమోసె స్త్రీ దుస్తులను విప్పి ఉతికారన్న సంగతి చదివినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. ఆ నీళ్ళతో ఏం కొట్టుకుపోయిందో ఇక ఎవరూ చెప్పలేరు.

మన దేశంలో బట్ట ఎక్కడ దాగి ఉంటుంది?

వాన, వేడి, చెదలు కలిసిన మన నేలలో సమాధి నుంచి నిండు బట్ట వస్తుందని ఆశించకూడదు. ఇక్కడ బట్టను కాపాడింది లోహం. రాగి వస్తువు మట్టిలో చిలుము పట్టేటప్పుడు ఆ లవణాలు పక్కనున్న పోగుల్లోకి ఇంకుతాయి. రాగి సూక్ష్మజీవులకు విషం కనుక ఆ కొద్ది మేర బట్ట కుళ్ళదు. క్రమంగా పోగు స్థానంలో లవణమే పేరుకుని పోగు ఆకారాన్ని నిలుపుతుంది. ఇనుము కుళ్ళకుండా ఆపలేదు కాని, తుప్పు వేగంగా పేరుకుంటే అది పోగు చుట్టూ అచ్చులా గట్టిపడుతుంది. లోపలి పోగు పోయినా ఆ అచ్చు మిగులుతుంది.

భారత ఉపఖండంలో పత్తికి సంబంధించి ఇప్పటివరకు లభించిన అతి పాత సాక్ష్యం ఇలాంటిదే. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో క్రీ.పూ. ఆరో సహస్రాబ్దికి చెందిన ఒక సమాధిలో రాగి పూసలు దొరికాయి. వాటిలో ఒక పూస రంధ్రంలో దారపు పోగులు లవణంగా మారి నిలిచాయి. ఆ పోగులు పత్తివని ఫ్రెంచి పరిశోధకులు 2002లో ప్రకటించారు. పూసకు ఎంత దారం పడుతుందో ఆలోచించండి. అంత చిన్న ముక్క పత్తి చరిత్రను వెయ్యి ఏళ్ళకు పైగా వెనక్కి జరిపింది. మొహెంజొదారోలో బట్ట వెండి పాత్రకు అంటుకుని నిలిచింది. అది సమాధి కాకపోయినా సూత్రం అదే. బొంబాయిలోని మాటుంగా ప్రయోగశాలలో టర్నర్, గులాటి అనే శాస్త్రజ్ఞులు 1920ల చివర్లో దాన్ని పరిశీలించి పత్తి అని తేల్చారు. మహారాష్ట్రలోని నేవాసాలో తామ్రశిలాయుగపు పసిబిడ్డ సమాధిలో మెడ దగ్గరున్న రాగి పూసల దారంలో పత్తితో పాటు పట్టు పోగులు కూడా ఉన్నాయని చెప్పింది కూడా ఆ గులాటియే.

తెలుగు నేల మీద పల్లెజనం రాకాసి గుళ్ళు అని పిలిచే, పెద్ద రాళ్ళతో కట్టిన మహాశిలా సమాధుల్లో ఇనుప గొడ్డళ్ళూ, కత్తులూ, బాకులూ విరివిగా దొరుకుతాయి. వాటి తుప్పును మలినంగా భావించి గీకిపారేసే ముందు, దానిమీద నేత గీతలు ఉన్నాయేమో చూడటం మన ప్రాంతపు పరిశోధకుడు వెంటనే అలవరచుకోవలసిన పద్ధతి.

తవ్వకంలో బట్ట కనిపించిన క్షణం

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. అనుమతి లేకుండా ఏ సమాధినీ తాకకూడదు. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, 1972 నాటి పురావస్తువుల చట్టం ఇందుకు వర్తిస్తాయి. అంతకు మించి, అది ఒక మనిషిని పడుకోబెట్టిన చోటు. ఎముకలను బట్ట కోసం పక్కకు తోసే అధికారం మనకు లేదు.

అనుమతి పొందిన తవ్వకంలో, లోహం చుట్టూ గాని ఎముకల కింద గాని నేత గీతల వంటివి, నల్లని లేదా గోధుమరంగు పొర వంటివి కనిపించగానే కుంచె పక్కన పెట్టాలి. కుంచెతో ఒక్కసారి తుడిస్తే చాలు, మిగిలిన పోగులు పొడిగా రాలిపోతాయి. వెంటనే ఎండ తగలకుండా నీడ కల్పించాలి. తడిగా దొరికినది తడిగానే, పొడిగా దొరికినది పొడిగానే ఉండాలి. తడిబట్టను ఆరనిస్తే ముడుచుకుని పెళుసుబారుతుంది, పొడిబట్టను తడిపితే లవణాలు కదిలి పోగులను చీలుస్తాయి. తరువాత టార్చి లైటును నేలకు దాదాపు సమాంతరంగా, పక్కనుంచి పట్టి, నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు తీయాలి. నెత్తిన ఎండ ఉన్నప్పుడు కనిపించని పోగుల ఎత్తుపల్లాలు ఈ పక్కవెలుతురులో నీడలు పడి తేటగా కనిపిస్తాయి. కొలబద్ద, ఉత్తర దిక్కు గుర్తు ప్రతి ఫొటోలోనూ ఉండాలి.

ఆపైన బట్టను విడిగా ఎత్తడానికి ప్రయత్నించకుండా, దాని చుట్టూ కింద మట్టితో సహా ఒక గడ్డగా కోసి, అడుగున గట్టి పలక జొనిపి ఎత్తాలి. అసలైన పరిశీలన ప్రయోగశాలలో, మైక్రోస్కోప్ కింద, తొందర లేకుండా జరగాలి. తవ్వకం జరిగే చోట జిగురు, లక్క, ప్లాస్టిక్ ద్రావణం వంటివి పూయకూడదు. అవి పోగుల్లోకి ఇంకి తరువాత చేసే కాలనిర్ణయాన్నీ రంగుల పరీక్షనూ పాడుచేస్తాయి. ఆ సమాధిలోనే బట్టకు దూరంగా ఉన్న చోటు నుంచి గుప్పెడు మట్టిని వేరే డబ్బాలో తీసిపెట్టాలి. బట్టలో కనిపించిన రంగు గాని లవణం గాని మట్టిలోనుంచి వచ్చిందా, బట్టదేనా అని తేల్చుకోవడానికి ఆ మట్టే కొలమానం.

నోటు పుస్తకంలో రాయవలసిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది బట్ట ఉన్న తావు. ఒక బాకు మీద బట్ట ఆనవాలు దొరికిందనుకుందాం. అది బాకుకు శవం వైపున మాత్రమే ఉంటే, ఆ బట్ట మృతుడు తొడుక్కున్నది కావచ్చు. బాకుకు రెండు వైపులా, అంచుల మీదుగా తిరిగి ఉంటే, ఆ బాకునే గుడ్డలో చుట్టిపెట్టి ఉంటారు. పై వైపున మాత్రమే ఉండి, పక్కనున్న పూసల మీదా అదే నేత కనిపిస్తే, అన్నిటి మీదుగా కప్పిన శవవస్త్రం కావచ్చు. ఒకే వస్తువు మీద రెండు వేర్వేరు నేతలు ఒకదానిమీద ఒకటి ఉంటే, వాటి వరుసను కింది నుంచి పైకి సంఖ్యలు వేసి రాయాలి. బట్ట మీద ఈగల ప్యూపా (పురుగు ఈగగా మారే దశ) తొక్కలు అంటుకుని ఉంటే వాటినీ వదలకూడదు. శవం పాతిపెట్టక ముందు కొంతకాలం బయట ఉంచారేమో చెప్పగలిగే సాక్ష్యం అది. వస్తువును ఎముకల నుంచి వేరుచేసి మూటగట్టిన తరువాత ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు దొరకదు.

పోగును చదవడం

ప్రయోగశాలలో మొదట చూడవలసినది పోగు పురి. దారాన్ని నిలువుగా పట్టుకుని చూసినప్పుడు, దాని మీది పోగుల వాలు పైన ఎడమ నుంచి కింద కుడికి సాగితే అది ఎస్ పురి, పైన కుడి నుంచి కింద ఎడమకు సాగితే అది జెడ్ పురి. ఆ ఇంగ్లీషు అక్షరాల నడుమ గీత వాలును బట్టి ఈ పేర్లు వచ్చాయి. రెండు పోగులను కలిపి వడికిన జంటపోగు అయితే, విడి పోగుల పురినీ, జంట పురినీ వేర్వేరుగా రాసుకోవాలి. పురి ఏ దిక్కున తిరిగిందన్నది వడికినవారి చేతి అలవాటు. తల్లి నుంచి బిడ్డకు వచ్చే అలవాటు కనుక అది ప్రాంతాన్ని పట్టిస్తుంది. ఈజిప్టు నార దారం ఎక్కువగా ఎస్ పురి. మన దేశపు నూలు ఎక్కువగా జెడ్ పురి. ఈజిప్టులో ఎర్రసముద్రం ఒడ్డున ఉన్న బెరెనికె అనే ప్రాచీన రేవుపట్టణపు చెత్తకుప్పల్లో దొరికిన జెడ్ పురి పత్తి బట్టలను భారతదేశం నుంచి వచ్చినవిగా పరిశోధకులు గుర్తించడానికి ఈ తేడా ఒక ముఖ్యమైన ఆధారం.

అయితే ఇక్కడ కొత్తవారు తప్పకుండా పడే గుంట ఒకటి ఉంది. తుప్పులోనో మట్టిలోనో మిగిలినది పోగు కాక పోగు అచ్చు అయితే, అందులో పురి తలకిందులుగా కనిపిస్తుంది. అద్దంలో కుడి ఎడమైనట్టు, ఎస్ పురి దారపు అచ్చు జెడ్‌లా ఉంటుంది. ఒక చిన్న పని చేసి చూడండి: లావుపాటి నూలు తాడును తడి బంకమట్టి మీద గట్టిగా నొక్కి తీసి, తాడునూ అచ్చునూ పక్కపక్కన పెట్టుకుని వాలు గీతలు పోల్చండి. ఒక్కసారి మీ వేళ్ళతో మీరు చేసి చూస్తే ఆ పొరపాటు మళ్ళీ చేయరు. అందుకే అచ్చు దొరికినప్పుడు దానిలో మెత్తని సిలికాన్ నింపి, దాని ప్రతిరూపాన్ని తీసుకుని, ఆ ప్రతిరూపం మీద పురి చూడాలి. అచ్చు పెళుసుగా ఉంటే దాన్ని తాకకుండా, ఫొటోను కంప్యూటర్‌లో తిరగేసి చూసుకోవాలి. తిరగేశామన్న మాట ఆ ఫొటో కిందనే రాయాలి.

పురి లేని దారాలు కూడా ఉంటాయని గుర్తుంచుకోవాలి. పాత ఈజిప్టులో అవిసె నారను కదురు మీద నేరుగా వడకలేదు. నార పీచుల కొసలను ఒకదానితో ఒకటి అతికించుకుంటూ పోయి, ఆ తరువాతే రెండేసి పోగులకు పురి ఎక్కించారు. మైక్రోస్కోప్ కింద విడి పోగులో పురి దాదాపు కనిపించక, అక్కడక్కడా అతుకులు కనిపిస్తే ఈ పద్ధతిని అనుమానించాలి.

తరువాత నేత. ఒక సెంటీమీటరులో ఒక దిక్కున ఎన్ని పోగులు, అడ్డంగా ఎన్ని పోగులు అని కనీసం మూడు నాలుగు చోట్ల లెక్కించాలి. తర్ఖాన్ చొక్కాలో ఒక దిక్కున 22, 23, రెండో దిక్కున 13, 14 పోగులున్నాయి. పడుగు (మగ్గం మీద నిలువుగా బిగించిన పోగులు) ఏది, పేక (వాటికి అడ్డంగా నేసే పోగు) ఏది అని నిశ్చయంగా చెప్పగలిగేది అంచు మిగిలినప్పుడు మాత్రమే. పేక వెనక్కి తిరిగే చోటు అదే కాబట్టి. అంచు లేని ముక్క అయితే "మొదటి వరుస పోగులు", "రెండో వరుస పోగులు" అని రాసి ఊరుకోవడం నిజాయితీ. వాడుక అలవాటు కొద్దీ దట్టంగా ఉన్నవాటిని పడుగని రాసేస్తే, తరువాతి పరిశోధకుడు దాన్ని రుజువైన సంగతిగా తీసుకుంటాడు.

నేతను మాత్రమే చూసి ఆపకుండా, ఆ బట్టను దుస్తుగా ఎలా మలిచారో కూడా చూడాలి. చైనాలోని తుర్ఫాన్ దగ్గర యాంగ్‌హాయ్ సమాధుల్లో దొరికిన, సుమారు మూడు వేల ఏళ్ళ నాటి ఉన్ని పంట్లాము ఇందుకు మంచి ఉదాహరణ. దాన్ని బట్ట కత్తిరించి కుట్టలేదు. కాళ్ళకు రెండు ముక్కలూ, నడుమ గుర్రం మీద కూర్చోవడానికి వీలుగా మెట్లు మెట్లుగా వెడల్పయ్యే మరో ముక్కా, మూడింటినీ మగ్గం మీదనే కావలసిన ఆకారానికి నేసి, తరువాత కలిపి కుట్టారు. ప్రతి ముక్కకూ చుట్టూ ఉన్న అంచులను ఓపికగా వెదికినందువల్లనే ఈ సంగతి తెలిసింది. చీరలోనూ పంచెలోనూ కత్తెర పెట్టని బట్టను ఇప్పటికీ కట్టుకునే మనకు ఈ ఆలోచన చాలా దగ్గరిది.

ఏ పోగు?

పత్తి పోగు మైక్రోస్కోప్ కింద చదునైన రిబ్బను మెలికలు తిరిగినట్టు కనిపిస్తుంది. అవిసె నారకు వెదురు కణుపుల్లాంటి అడ్డగీతలు ఉంటాయి. ఉన్ని మీద చేప పొలుసుల వంటి పొరలు ఉంటాయి. పెంపుడు పట్టుపురుగు దారాన్ని అడ్డంగా కోస్తే ముక్కోణంగా కనిపిస్తుంది. మహాదేవపూర్ నేతగాళ్ళకు బాగా తెలిసిన దసలి పట్టు వంటి అడవి పట్టు అయితే చదునుగా, నిలువు చారలతో ఉంటుంది. సింధు నాగరికత నగరాలైన హరప్పా, చన్హుదారోల్లో దొరికిన నగలలోని దారపు పోగులు అడవి పట్టువని 2009లో ప్రకటించింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద ఈ ఆకారాలను చూసే. అవి క్రీ.పూ. 2450, 2000 సంవత్సరాల మధ్యవి.

ఇది పుస్తకంలో చదివినంత తేలిక కాదు. లవణంగా మారిన పోగులో కణుపులూ పొలుసులూ సగం చెరిగి ఉంటాయి. టర్కీలోని చాతల్ హోయుక్‌లో, ఇళ్ళ కింది సమాధుల్లో 1960లలో దొరికిన బట్టలను కొందరు ఉన్ని అన్నారు, కొందరు అవిసె నార అన్నారు. ఆ వాదన దశాబ్దాలు నడిచింది. అక్కడి సుమారు 8,500 ఏళ్ళ నాటి బట్టలను పరిశీలించి 2021లో వెలువరించిన ఫలితం రెండూ కాదంది. అది ఓక్ చెట్టు బెరడు లోపలి నార. నాటిన పంటల్లోనో పెంచిన గొర్రెల్లోనో జవాబు వెదుకుతున్నవారికి అడవి చెట్టు తట్టలేదు. అందువల్ల మన సమాధుల పోగులను చూసేటప్పుడు పత్తి, పట్టు మాత్రమే మనసులో పెట్టుకోకుండా, జనపనార, గోగునార, మోదుగ వేరు నార వంటి స్థానిక నారల నమూనాలను ముందే సేకరించి, మైక్రోస్కోప్ కింద ఫొటోలు తీసి పక్కన ఉంచుకోవాలి. పోల్చడానికి లేని దాన్ని కన్ను గుర్తించదు.

రంగు, కాలం, ఊరు

పాత బట్ట ఇప్పుడు కనిపిస్తున్న రంగు దాని అసలు రంగు కాదు. హుల్డ్రెమోసె స్త్రీ దుస్తులు బురదలో నాని గోధుమరంగుకు తిరిగాయి. రసాయన పరీక్షలో లంగా నీలంగానూ శాలువా ఎర్రగానూ ఉండేవని తేలింది. ఇందుకు వాడేది హెచ్‌పీఎల్‌సీ అనే పద్ధతి. కొన్ని మిల్లీమీటర్ల దారాన్ని ద్రావణంలో ఉంచి, అందులోని రంగు పదార్థాలను విడదీసి గుర్తిస్తారు. ఎరుపు దొరికినంత మాత్రాన పని పూర్తికాదు. కృష్ణా తీరపు కలంకారీలో వాడిన చిరివేరు అనే మొక్క వేరులో అలిజరిన్ అనే ఎర్రరంగు పదార్థం ఉంటుంది గాని, పర్‌ప్యూరిన్ అనే మరో ఎర్రరంగు పదార్థం ఉండదు. మంజిష్ఠలో పర్‌ప్యూరిన్, మంజిస్టిన్ ప్రధానంగా ఉంటాయి. ఈ పాళ్ళను బట్టి ఎరుపు ఏ వేరు నుంచి వచ్చిందో చెప్పగలుగుతారు. లోహపు లవణంగా పూర్తిగా మారిన పోగులో మాత్రం రంగు ఆశ వదులుకోవాలి.

కాలనిర్ణయానికి ఇప్పుడు కొద్ది మిల్లీగ్రాముల దారం చాలు. అంత తక్కువ చాలుతుంది కాబట్టే తర్ఖాన్ చొక్కా నుంచి నమూనా తీయగలిగారు. నమూనాను నేతలోంచి కాక, తెగి వేలాడుతున్న పోగుల నుంచి తీయాలి. తీసిన చోటును ముందూ తరువాతా ఫొటో తీయాలి. వెనకటి సంరక్షకులు ఏదైనా జిగురు వాడి ఉంటే ఆ సంగతి ప్రయోగశాలకు తప్పక తెలియజేయాలి.

ఉన్ని ఏ ఊరి గొర్రెదో చెప్పడానికి స్ట్రాన్షియం అనే మూలకపు ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) పాళ్ళను కొలిచే పద్ధతి ఉంది. గొర్రె మేసిన నేల సంతకం దాని ఉన్నిలో ఉంటుందన్నది ఇందులోని సూత్రం. డెన్మార్క్‌లో 1921లో ఓక్ దుంగ శవపేటికలో దొరికిన, క్రీ.పూ. 1370 నాటి ఎగ్ట్‌వెద్ యువతి ఉన్ని దుస్తులు దూరప్రాంతం నుంచి వచ్చాయని 2015లో ఈ పద్ధతితో చెప్పారు. పొలాలకు చల్లిన వ్యవసాయపు సున్నం వల్ల నేటి నీళ్ళలోని స్ట్రాన్షియం పాళ్ళు మారిపోయాయనీ, వాటితో పోల్చి స్థానిక నేల సంతకాన్ని లెక్కగట్టడం సరికాదనీ 2019లో ఇతర శాస్త్రజ్ఞులు అభ్యంతరం చెప్పారు. వాదం ఎటు తేలినా, యంత్రం ఇచ్చిన అంకెకు అర్థం చెప్పాలంటే ఆ నేల చరిత్ర తెలిసి ఉండాలని ఈ ఉదంతం మనకు చూపుతోంది.

చెయ్యి నేర్చుకోవలసినది

మైక్రోస్కోప్ ముందు కూర్చునే ముందు కదురు ముందు కూర్చోవడం మంచిదని నా గట్టి నమ్మకం. శ్రీకాకుళం జిల్లా పొందూరులో పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, శుభ్రం చేసి, సన్నని నూలు వడికే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వారి పక్కన కొన్ని వారాలు కూర్చుని చూస్తే, పోగు ఎక్కడ లావెక్కుతుందో, ఎందుకు తెగుతుందో, చెమ్మ తగిలితే పురి ఎలా బిగుస్తుందో వేళ్ళకు తెలుస్తుంది. మూడు వేల ఏళ్ళ నాటి ముక్కలో దారం హఠాత్తుగా సన్నబడిన చోటు చూసి, అక్కడ వడికిన మనిషి కొత్త ఏకు (వడకడానికి సిద్ధం చేసిన దూది చుట్ట) అందుకున్నదని ఊహించగలిగేది ఆ అనుభవం ఉన్నవారే.

శవానికి చుట్టిన నారబట్టను కళ్ళారా చూడాలనుకునేవారు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకు వెళ్ళవచ్చు. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1930లో ఇచ్చిన ఈజిప్టు మమ్మీ అక్కడ ఉంది. గాజు ఇవతలి నుంచే చుట్టు ఏ దిక్కున సాగింది, ఒక పట్టీ మీదికి మరొకటి ఎలా వచ్చింది, ఎక్కడ అంచు కనిపిస్తోంది, ఎక్కడ చింపిన కొస కనిపిస్తోంది అని ఒక అరగంట నిలబడి రాసుకోండి. ఆ మమ్మీని విప్పకుండానే సీటీ స్కాన్‌తో లోపలి సంగతులు చూశారు. ఇప్పటి పద్ధతి అదే. ఎదురుగా ఉన్నది ఒక యువతి శరీరమన్న ఎరుక మాత్రం ఆ అరగంటా మనసులో ఉండాలి.

నివేదిక రాసేటప్పుడు చూసినదాన్నీ ఊహించినదాన్నీ ఒకే వాక్యంలో కలపకూడదు. "బాకు పై భాగాన 2 సెంటీమీటర్ల మేర సాదా నేత, రెండు దిక్కులా జెడ్ పురి" అన్నది చూసినది. "శవవస్త్రం" అన్నది ఊహ. రెండింటికీ వేర్వేరు పేరాలు ఉండాలి.

చివరగా, కొత్త తవ్వకం అవకాశం లేనివారికి కూడా చేతినిండా పని ఉంది. పాత తవ్వకాల్లో వచ్చిన ఇనుప, రాగి వస్తువులు మ్యూజియం గిడ్డంగుల్లో పెట్టెల కొద్దీ ఉంటాయి. వాటిలో తుప్పు తీయనివి మొదట ఎంచుకోండి. అనుమతి తీసుకుని, చేతికి తొడుగులు వేసుకుని, ఒక్కొక్కదాన్నీ మెత్తని గుడ్డ మీద పెట్టి, పదింతలు పెద్దదిగా చూపే భూతద్దంతో, టార్చి లైటును పక్కనుంచి పట్టి చూడండి. తుప్పు పొర మీద గళ్ళ జల్లెడ వంటి సన్నని గీతలు కనిపిస్తే వస్తువును మరింత తిప్పవద్దు, ఊదవద్దు. ఫొటో తీసి, దాని చీటీ మీద పెన్సిల్‌తో "బట్ట ఆనవాలు ఉంది, శుభ్రం చేయవద్దు" అని రాసి, తేదీ వేసి, ఆ వైపు పైకి ఉండేలా పెట్టెలో పెట్టి, తరువాతి వస్తువు తీయండి.